మింగుడు గొయ్యి

రూమ్పా గుహలో రెండో మలుపు దాటగానే నీళ్లు మోకాలి లోతుకు వస్తాయి. అక్కడినుంచి దారి చూపే దాయెంగ్ సితాబా ముందు, డాక్టరమ్మ వెనక. ఆరేళ్లుగా అదే వరస. ఆడైనా మగైనా పెద్దవాళ్ల పేరు ముందు అక్కడ పెట్టే మర్యాద మాట దాయెంగ్. డాక్టరమ్మ అసలు పేరు ముస్దలీఫా. మకస్సర్ నగరంలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. సున్నపురాయి కొండల కడుపులో, కటిక చీకట్లో, కళ్లు లేకుండా బతికే చిన్న చిన్న జీవుల మీద పరిశోధన చేస్తుంది. బాలాంగ్‌కేబో ఊళ్లో మాత్రం ఆమె రొయ్యల డాక్టరమ్మ. ఆ పేరు వెక్కిరింతగా పెట్టిందే. సితాబా ఒక్కడే దాన్ని మర్యాదగా పలుకుతాడు.

ఆ రోజు మావులూద్, ప్రవక్త పుట్టినరోజు పండుగ. సితాబా రానన్నాడు. ఇంట్లో భార్య దాయెంగ్ చాయా నలభై కోడిగుడ్లకు ఎర్రరంగు వేసి, వెదురు పుల్లలకు గుచ్చి, అన్నం బుట్టలో నిలబెడుతోంది. మధ్యాహ్నం నమాజు వేళకు బుట్ట మసీదుకు మోసుకెళ్లాల్సింది అతనే. కానీ ముందురోజు సాయంత్రం మొదలైన వాన తెల్లారేదాకా కురిసింది. ఏడాదిలో మొదటి పెద్ద వాన. కొండలోకి కొత్తనీరు ఏం తెస్తుందో చూడాలంటే ఇవాళే చూడాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. పదకొండుకల్లా ఇంట్లో ఉంటానంటేనే వస్తానని ఒప్పుకొని బయల్దేరాడు.

మూడో మలుపు దగ్గర అతను ఆగిపోయాడు. రోజూ దీపం వెలుగు పడగానే గోడల మీద పరుగులు తీసే గుహ కీచురాళ్లు కదలడం లేదు. నీటి అంచున రాయి మీద తెల్లగా, వడ్లగింజలు ఆరబోసినట్టుగా ఏదో పరుచుకొని ఉంది. వంగి చూశాడు. రొయ్యలు. జన్మలో నీళ్లు విడిచి ఎరగని రొయ్యలు ఒడ్డెక్కి, ఒకదానిమీద ఒకటి పడి చస్తున్నాయి. పక్కనే గాజుముక్కలాంటి కళ్లులేని పీత ఒకటి వెల్లకిలా పడి, కాళ్లు సన్నగా వణికిస్తోంది.

డాక్టరమ్మ అతన్ని తోసుకుని వచ్చి నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చుంది. సీసాలో నీళ్లు పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, మూత బిగించింది. తరవాత చచ్చిన రొయ్యల్ని పట్టుకారుతో ఒక్కొక్కటే ఏరి ఇంకో సీసాలో వేసింది.

ఆ వాసన ఆమెకన్నా ముందే అతనికి తగిలింది. తగలడమే కాదు, అదేమిటో కూడా తెలిసింది.

మొన్న కదా. సహకార సంఘం గిడ్డంగిలో ఏళ్ల తరబడి మూలపడ్డ, వరికి కొట్టే సుడిదోమ మందు డబ్బాలు, కాలం చెల్లినవి, పదకొండు. పండుగ తరవాత జిల్లా నుంచి తనిఖీకి వస్తారని ఊరి పెద్ద కరాయెంగ్ మాంగ్‌కా అతన్ని పిలిచాడు. ఊరికి దూరంగా ఎక్కడైనా వదిలించుకుని రమ్మన్నాడు, ఎక్కడో తనకి చెప్పనక్కర్లేదన్నాడు. సితాబా వాటిని గుర్రం మీద వేసుకుని కొండ అవతలి మింగుడు గొయ్యి దాకా వెళ్లాడు. బావిలా నిటారుగా దిగిపోయే గొయ్యి అది. చచ్చిన గేదెలు, విరిగిన మంచాలు, ఊరికి అక్కర్లేనిదేదైనా తాతల కాలంనుంచీ అందులోకే. ఎంత వేసినా నిండదు. డబ్బాల్ని ఒక్కొక్కటిగా విసిరాడు. రాళ్లకు తగిలి పగిలిన చప్పుడు కూడా విన్నాడు.

ఇంకో సంగతీ గుర్తొచ్చింది. నిరుడు డాక్టరమ్మ ఆ గొయ్యి నీళ్లు ఎటు పోతాయో చూడాలంటే, ఆ కొండ నీళ్లు మనవైపు రావని, అంతదూరం నడక దండగని నచ్చజెప్పింది తనే.

"దాయెంగ్," అంది ఆమె లేచి నిలబడుతూ. "పైన ఎవరైనా ఏమైనా పారబోశారా? పొలం మందు లాంటిది?"

"తెలీదు డాక్టరమ్మా."

ఆ మాట నోట్లోంచి జారిపడ్డాక దాన్ని వెనక్కి తీసుకోలేకపోయాడు. ఆ ఊళ్లో మనిషికి పొలం లేకపోయినా గడుస్తుంది, పరువు లేకపోతే గడవదు. తండ్రి తాతలనుంచీ నమ్మకస్తులన్న పేరు తప్ప సితాబాకి వేరే ఆస్తి లేదు.

ఆమె గడియారం చూసుకుంది. ఎనిమిదిన్నర. రొయ్యలింకా కొట్టుకుంటున్నాయంటే విషం ఇప్పుడిప్పుడే వచ్చిందని, వచ్చి అరగంటకు మించి ఉండదని లెక్కగట్టింది. పోయిన వానాకాలంలో సరిగ్గా ఈ చోటే నీళ్లలో పచ్చరంగు పొడి కలిపి, అది ఎక్కడ తేలుతుందో చూసింది ఆమె. మూడు గంటల తరవాత ఊరి ఊటలో తేలింది. ఆ ఊట నీళ్లే ఊరంతా తాగేది. మసీదు కొళాయిలకీ అవే. ఇవాళ వంటలన్నీ వాటితోనే.

"పదకొండు," అంది. "మహా అయితే పదకొండున్నర. పదండి."

వెనక్కి తిరిగారు. ఎప్పుడూ రాయి తడిమి చూసి గాని అడుగు వెయ్యని మనిషి, ఆ రోజు నీళ్లు చిమ్ముకుంటూ అతనికన్నా ముందు నడిచింది. గుహ వాకిలికి ముందు నిలువెత్తు బండ ఒకటి ఎక్కి దిగాలి. వాన నీటికి దానిమీద నాచు ఉబ్బి ఉంది. జాగ్రత్తని అతను అరిచేలోపే ఆమె కాలు జారింది. కింద రెండు రాళ్ల సందులో పాదం ఇరుక్కుని, మనిషి పక్కకు ఒరిగిపోయింది. పాదం బయటికి లాగేసరికి చీలమండ అప్పుడే పొంగుతోంది.

ఎత్తుకుని వెలుతురు పడేచోట పొడిరాతి మీద కూర్చోబెట్టాడు. మోసుకెళతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మోస్తే మూడు గంటలు పడుతుంది, ఒంటరిగా ఉరికితే గంటన్నర. రొయ్యల సీసా అతని చేతిలో పెట్టింది.

"మందు పేరు తెలిస్తే ఆస్పత్రి వాళ్లకి చాలా పనికొస్తుంది. ఒక్కో విషానికి ఒక్కో విరుగుడు. ఎవరినైనా అడిగి కనుక్కోండి."

అతను తల ఊపి, ఆమె ముఖం చూడకుండా బయల్దేరాడు.

కత్తుల్లా నిలబడ్డ సున్నపురాళ్ల మధ్య దారి అంటూ ఉండదు. కాలికి తెలియాలి. సితాబా కాళ్లకు తెలుసు కనక ఉరికాడు. ఉరుకుతున్నంతసేపూ ఒకటే లెక్క. డాక్టరమ్మ చెప్పిందంటే చాలు కదా. మందు ఎవరు పోశారో తరవాత చూసుకోవచ్చు. ముందు ప్రాణాలు, ఆ తరవాతే తక్కినవి. ఆ మాట తనకు తానే పదిసార్లు చెప్పుకున్నాడు.

వరిపొలాల అంచుకు చేరాక ఫోన్‌కు సిగ్నల్ అందింది. భార్యకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. కరాయెంగ్‌కు చేశాడు. అదీ అంతే. గాలిలో మసీదు మైకు వినపడుతోంది. ప్రవక్త పుట్టుక కథ చదువుతున్నారు. ఆ హోరులో ఫోన్ మోగినా ఎవరికి వినపడుతుంది?

దారిలోనే ఊట దగ్గర ఆగాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పైన రాతితొట్టి, దానినుంచి ఊళ్లోకి లావాటి గొట్టం. గొట్టం మూసే చక్రానికి గొలుసు, గొలుసుకు తాళం. తాళంచెవి కరాయెంగ్ మొలలో ఉంటుంది. రాయి తీసుకుని రెండు దెబ్బలు వేశాడు. తాళం కదల్లేదు. ఇద్దరాడవాళ్లు బిందెలతో వస్తుంటే నీళ్లు ముట్టుకోవద్దని చెప్పి పంపేశాడు. ఇతనికి పండుగ పూట ఏమైందోనని వాళ్లు నవ్వుకుంటూ వెనక్కి పోయారు. పోయారో, చెట్ల వెనక ఆగారో, చూసే తీరిక లేదు.

మసీదు వాకిట్లో బుట్టలు బారులు తీరి ఉన్నాయి. ఎరుపు, పసుపు, ఊదా గుడ్లు పూల గుత్తుల్లా నిలబడి ఉన్నాయి. బురదలో ముంచి తీసినట్టున్న సితాబాను చూసి చదువుతున్నవాళ్లు ఆగారు. అతను రొప్పుతూనే చెప్పాడు. ఊటలోకి విషం వస్తోందని, గుహలో రొయ్యలన్నీ చచ్చాయని, గొట్టం వెంటనే మూసేయాలని, డాక్టరమ్మ చెప్పమందని.

కరాయెంగ్ మాంగ్‌కా తెల్లటోపీ సర్దుకున్నాడు. నిరుడు ఊట నీళ్లు చిలకపచ్చగా మారినప్పుడు ఊరు ఊరంతా వణికిపోయింది. అది వట్టి రంగేనని తెలిశాక ఇదే వాకిట్లో డాక్టరమ్మ చేత క్షమాపణ చెప్పించింది ఆయనే.

"ఆ రోజు పచ్చటి నీళ్లు తాగినా ఏం కాదంది మీ డాక్టరమ్మ," అన్నాడు తీరుబడిగా. "ఇవాళ అద్దంలాంటి నీళ్లు తాగితే చస్తామంటోంది. ఏది నమ్మమంటావు?"

నవ్వులు లేచాయి. సితాబా సీసా ఎత్తి చూపించాడు. అది చేతులు మారింది. ఇన్ని రొయ్యలు పట్టుకొచ్చినవాడు వేపుడు చేయించుకురాక పచ్చివి తెచ్చాడేమిటని ఎవరో అన్నారు. రొయ్యల పేరు చెప్పి డాక్టరమ్మ కొండని ఊరి చేతుల్లోంచి లాక్కోడానికి ఇది ఇంకో ఎత్తని మరొకరన్నారు. మసీదులో నమాజుకు అజా పిలిచే ముసలి దాయెంగ్ తోంపో కోసం చూశాడు సితాబా. ఆయన మాటకు విలువుంది. కనపడలేదు. కొళాయిల దగ్గర పిల్లలు అప్పుడే కాళ్లు కడుక్కుంటున్నారు. గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది.

దాయెంగ్ చాయా ఆడవాళ్ల వైపునుంచి అతన్నే చూస్తోంది. మొన్న గుర్రం మీద డబ్బాలు ఎక్కిస్తుంటే తాడు పట్టుకుంది ఆమే.

"మందు పోసింది నేను," అన్నాడు సితాబా.

మాట పెద్దగా రాలేదు. మళ్లీ చెప్పాడు. "సుడిదోమ మందు, పదకొండు డబ్బాలు. మొన్న మింగుడు గొయ్యిలో పడేశాను. రాత్రి వానకి అదంతా గుహలోకి దిగింది. ఈ కళ్లతో చూశాను. ఆ నీళ్లే ఇటొస్తున్నాయి."

తన మెడకు తానే ఉరి తగిలించుకునేవాడు అబద్ధం ఎందుకాడతాడు? కొళాయిల దగ్గర ఒక తల్లి ఉరికి బిడ్డను రెక్క పట్టి లాగేసింది.

ముందుకొచ్చింది తోంపో కొడుకు నెంబా. ముప్పై ఏళ్లవాడు, రాళ్లు కొట్టే మనిషి.

"ఎవరు పడెయ్యమన్నారు నిన్ను?"

సితాబా కరాయెంగ్ వైపు చూశాడు. ఆయన మొలలోని తాళంచెవుల గుత్తి వైపు చూసుకుంటున్నాడు. చూసుకుంటూనే ఉన్నాడు.

"ఎవరూ అనలా. నా బుద్ధే అట్లా ఏడ్చింది," అన్నాడు సితాబా.

కరాయెంగ్ తాళంచెవి తీసి నెంబా చేతికిచ్చాడు. పదీ యాభై అయిదుకు గొట్టం మూశారు. డాక్టరమ్మ లెక్క ప్రకారం ఇంకా అయిదు నిమిషాలైనా మిగిలి ఉండాలి.

మిగల్లేదు. గొట్టం మూసి తిరిగొస్తున్న నెంబాకి ఊట వెనక, రాతితొట్టి నీడలో, తండ్రి కనపడ్డాడు. దాయెంగ్ తోంపోకి కొళాయి నీళ్లు నచ్చవు. నలభై ఏళ్లుగా ఊట దగ్గరే కాళ్లూ చేతులూ కడుక్కుని, పుక్కిలించి, రెండు దోసిళ్లు తాగి వచ్చి అజా పిలుస్తాడు. సితాబా అటు దాటిపోయిన కాసేపటికి అవతలి దారిన వచ్చినట్టున్నాడు. నేలమీద ముడుచుకుపోయి ఉన్నాడు. నోటివెంట నురగ. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. కింది కాలవలో అప్పటికే బాతులు తిరగబడి తేలుతున్నాయి.

వ్యాను వచ్చేలోపు పట్నం ఆస్పత్రినుంచి ఫోన్లో నర్సు అడిగింది, ఏ మందని. ఎవరికీ తెలియదు. సితాబా ఫోన్ తీసుకుని డబ్బా మీది పేరు అక్షరం అక్షరం పలికాడు. ఎర్రగీత, పుర్రెబొమ్మ, కింద చిన్న అక్షరాల్లో ఉన్న రెండో పేరు కూడా. గుహలోంచి ఊరిదాకా ఆ పేరు అతని తలలో మోగుతూనే ఉంది. విరుగుడు సూది సిద్ధంగా ఉంచుతామని నర్సు చెప్పింది.

ముసలాయన బతికాడు. నాలుగు రోజులు తెలివి లేదు. ఇంటికొచ్చాక గొంతు పోయింది. మళ్లీ అజా పిలవలేకపోయాడు.

మధ్యాహ్నం నలుగురు మనుషులు వెదురుతో కట్టిన డోలీ ఎత్తుకుని డాక్టరమ్మ కోసం గుహకు వెళ్లారు. సితాబా కూడా వెళ్లాడు. ఎవరూ అతనితో మాట్లాడలేదు. జరిగిందంతా ఆమెకు దారిలో వాళ్లే చెప్పారు. పొలం గట్టు మీద డోలీ దించినప్పుడు ఆమె అతన్ని దగ్గరికి రమ్మంది.

"అడిగాను కదా దాయెంగ్. లోపలే అడిగాను."

"అడిగారు."

"మూడు గంటలని చెప్పాను మీకు. అది గుహలోంచి వచ్చే నీళ్లకి. గొయ్యిలో పడ్డదని తెలిస్తే ఆ లెక్క చెప్పేదాన్నే కాదు. గొయ్యినుంచి ఊటకి ఇంకో దారి ఉందేమో, ఇంకా దగ్గరి దారి. దాన్ని మనం చూడనేలేదు. ముందు ఊట దగ్గర మనిషిని నిలబెట్టమని చెప్పేదాన్ని." ఆమె వాచిన కాలు చేత్తో పట్టుకుంది. "తోంపో తాత తాగింది గుహలోంచి వచ్చిన నీళ్లు కాదు."

డోలీ లేచింది.

ఇరవై ఆరు రోజులు ఊరికి లారీల్లో నీళ్లు వచ్చాయి. వాటిని తెప్పించింది కరాయెంగే. జిల్లా ఆఫీసుల చుట్టూ తిరిగి, బతిమాలి తెప్పించాడు. కానీ ఆ డబ్బాల సంగతి మాత్రం ఆయన నోట రాలేదు. ఒక సాయంత్రం సితాబా ఇంటికి బియ్యం బస్తా పంపాడు. దాయెంగ్ చాయా దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. "మా ఆయన నోరు మూసుకున్నాడు. దానికి కూలి అక్కర్లేదని చెప్పు," అని తెచ్చినవాడితోనే వెనక్కి పంపింది. ఆ రాత్రి మొగుడితో మాత్రం చాలాసేపు పోట్లాడింది. ఆయన పేరెందుకు దాచావని. చెబితే తన తప్పు సగమవుతుందా అన్నాడు సితాబా. ఆయన తప్పు సగమైనా బయటపడుతుంది కదా అందామె.

ఊళ్లో అతన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పెళ్లికి పిలవలేదు. నాట్లకు పిలవలేదు. మసీదులో అతని పక్కన వరస ఖాళీగా ఉండేది. అంతకన్నా తిట్టడమే నయమనిపించేది.

గుహలో మూడో మలుపునుంచి కిందిదాకా ఒక్క రొయ్య మిగల్లేదని, పైన పక్క కాలవలో మాత్రం బతికి ఉన్నాయని, మళ్లీ కిందికి దిగడానికి ఎన్నేళ్లు పడుతుందో తనకూ తెలియదని డాక్టరమ్మ ఊరి సమావేశంలో చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. గొయ్యి అడుగున ఇంకా పగలని డబ్బాలుండవచ్చని, వచ్చే పెద్ద వానలోపు వాటిని పైకి తియ్యకపోతే మళ్లీ ఇదే జరుగుతుందని చెప్పింది. నగరంనుంచి మనుషుల్ని రప్పించాలంటే నెల పడుతుంది. వానలు నెలరోజులు ఆగవు.

"నేను దిగుతా," అన్నాడు సితాబా వెనక వరసలోంచి.

డాక్టరమ్మ అతనితో మాట్లాడి అప్పటికి నెల దాటింది. కర్ర ఊతంతో వచ్చి, ముఖానికి కట్టుకునే ముసుగు, మోచేతులదాకా వచ్చే తొడుగులు ఇచ్చింది. డబ్బా పగిలి ఉంటే ముట్టుకోకుండా పైకి కేక వెయ్యమంది.

తెల్లవారి గొయ్యి చుట్టూ పాతికమంది చేరారు. అడుగు కనపడదు. చల్లటి గాలి, కుళ్లు వాసన, దాంట్లో కలిసి సన్నగా ఆ పాత మందు కంపు. తాడు ఒక చివర బండకు కట్టారు. రెండో చివర సితాబా నడుముకు చుట్టారు. మధ్యలో తాడు వదులుతూ, బిగిస్తూ పట్టుకునేవాడు గట్టివాడై ఉండాలి. ఊళ్లో అంతటి గట్టివాడు ఒక్కడే. నెంబా ఎవరూ చెప్పకుండానే వచ్చి, తాడును వీపు చుట్టూ తిప్పుకుని, మడమలు రాతి సందులో తన్నిపెట్టి కూర్చున్నాడు.

కరాయెంగ్ మాంగ్‌కా గుంపు వెనక నిలబడి ఉన్నాడు. ముందుకొచ్చి ఏదో చెప్పబోయాడు. చివరికి తాడు ముడి ఒకసారి లాగి చూసి పక్కకు తప్పుకున్నాడు.

సితాబా అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేశాడు.

"మా నాయన గొంతు తీశావు," అన్నాడు నెంబా, అతనికి మాత్రమే వినపడేలా. "ఇప్పుడు నీ బరువంతా నా చేతుల్లో ఉంది. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే దిగుతున్నావా?"

సితాబా ముసుగు పైకి లాక్కున్నాడు. "పట్టుకో," అని, అంచు వదిలేశాడు.

తాడు ఒక్క జానెడు జారింది. నెంబా చేతుల మీద నరాలు ఉబ్బాయి, తాడు బిగిసింది. తరవాత మూరకు మూర, మూరకు మూర, దిగడం మొదలుపెట్టింది.